గాలివానకు ముందు, గాలివానకు పిదప: గ్రామపంచాయతీ కర్తవ్యము

వైశాఖ మాసమునను, మరల ఆశ్వయుజ కార్తికములందును మన తీర మండలముల కృషీవలుడు ఆకాశమును చూచి నిట్టూర్చుట వాడుక. బంగాళాఖాతమున పుట్టు వాయుగుండములు ఎక్కువగా ఆ రెండు కాలములందే బలిసి తుపానులగును. రెండవ కాలమున వరి పొట్టమీదనో, పాలుపోసికొనుచునో, కోతకు వచ్చియో యుండును. ఏడాది కష్టమంతయు చేతికందు వేళ ఆ కష్టమును కాజేయు శత్రువు వచ్చు వేళ యొక్కటే యగుట మన దురదృష్టము. గాలిని ఆపు శక్తి మనకు లేదు. అయినను గాలి చేయు నష్టములో కొంత భాగము గాలిది, కొంత భాగము మన అజాగ్రత్తది. ఈ రెండవ భాగమును తగ్గించుకొనుట మన చేతిలోని పని. అది ఎట్లో ఈ పాఠమున విచారింతము.

౧. మూడు తుపానులు నేర్పిన లెక్క

1864 నవంబరు 1వ తేదీ రాత్రి బందరు పట్టణముపై ఉప్పెన విరుచుకొనిపడెను. ముప్పదివేల మంది మరణించిరని నాటి లెక్క. హెచ్చరించువారు లేరు, తప్పించుకొను చోటును లేదు. ఆ నాటి ప్రజలను తప్పుపట్టుటకు వీలులేదు.

1977 నవంబరు 19వ తేదీన దివిసీమలో ఉప్పెన వచ్చెను. సముద్రము తాటియెత్తున లేచి ఊళ్లకు ఊళ్లనే తుడిచిపెట్టెను. మృతులు పదివేలని అధికారుల అంచనా. అంతకు మించియుండునని స్థానికులనేకులు చెప్పుదురు. తుపాను వచ్చుచున్నదను సంగతి ఆ నాటికి వాతావరణ శాఖకు తెలియును, రేడియోలోను చెప్పిరి. అయినను ఆ మాట కట్టకడపటి పల్లెకు చేరి, చేరినచోట నమ్మకము కలిగించి, నమ్మినవానికి పోదగిన యెత్తైన చోటు చూపలేకపోయెను. ఆ మూడు మెట్లలో ఏ యొక్కటి విరిగినను ఫలమొక్కటే.

పదుమూడేండ్లకు, 1990 మే 9వ తేదీన, ఇంచుమించు అంతటి బలము గల తుపానే కృష్ణా ముఖద్వార ప్రాంతమున తీరము దాటెను. ఈసారి ఆరు లక్షలకు పైగా జనులను ముందుగానే తరలించిరి. మృతులు 967 మంది. ఆ ప్రాణములును తక్కువవి కావు. ఒక్కొక్క ప్రాణము వెనుక ఒక్కొక్క కుటుంబము కలదు. కాని పదివేలకును తొమ్మిదివందలకును గల భేదము వాయుదేవుని దయ వలన కలుగలేదు. నడుమ కట్టిన తుపాను రక్షణ భవనములు, వేసిన బాటలు, నేర్చిన క్రమము, తరలించుటకు జంకని ఉద్యోగులు, కదలుటకు ఒప్పుకొన్న ప్రజలు ఆ భేదమునకు కారణము. ఈ యొక్క పోలికయే ఈ పాఠమునకు పునాది.

౨. ఉప్పెన స్వభావము

తుపానులో ప్రాణములను ఎక్కువగా తీయునది గాలి కాదు, నీరు. బలమైన గాలి సముద్రపు నీటిని తీరమువైపు నెట్టుకొనివచ్చును. మన తీరమున సముద్రము లోతు తక్కువ గనుక ఆ నీరు అడుగున వెనుదిరుగుటకు వీలుగాక పైకెగయును. పోటు వేళతో కలిసినచో మరింత లేచును.

ఇచ్చట ఒక సంగతి గ్రామస్థులందరు నెరుగవలసియున్నది. తుపాను గాలి మన అర్ధగోళమున గడియారపు ముండ్లకు ఎదురుగా తిరుగును. అందుచేత తూర్పు తీరమున తుపాను కేంద్రము దాటు చోటికి కుడివైపున, అనగా ఉత్తరపు ప్రక్కన, గాలి సముద్రము నుండి నేలమీదికి వీచును. ఉప్పెన భయము అటు ఎక్కువ. 1977లో కేంద్రము దాటినది నిజాంపట్నము ప్రాంతమున. నీటికి ఎక్కువగా బలియైనది దానికి ఈశాన్యముననున్న దివిసీమ. కావున "తుపాను మన యూరిలో దాటుట లేదు, దక్షిణమున ఎక్కడనో దాటునట" అని నిశ్చింతగా నుండుట ప్రాణాపాయము.

రెండవ సంగతి. తుపానుకు నడుమ కన్ను ఉండును. అది మీదుగా పోవునప్పుడు గాలి ఒక్కసారిగా నిలిచి ఆకాశము తేటపడవచ్చును. తుపాను ముగిసెనని పశువులను చూచుటకో, ఇల్లు సర్దుటకో బయటికి వచ్చిన వారు కొద్ది సేపటిలో ఎదురు దిక్కు నుండి వచ్చు గాలికి చిక్కుదురు. కాబట్టి అధికారులు చెప్పువరకు రక్షణ భవనమును విడువరాదు.

౩. హెచ్చరికలను చదువుట

వాతావరణ శాఖ తీర జిల్లాలకు నాలుగు అంచెలుగా సమాచారమిచ్చును. మొదటిది 72 గంటలకు ముందు ఇచ్చు పూర్వ సూచన. రెండవది కనీసము 48 గంటలకు ముందు ఇచ్చు అప్రమత్తత. దీనికి పసుపు రంగు. మూడవది 24 గంటలకు ముందు ఇచ్చు హెచ్చరిక. దీనికి నారింజ రంగు. నాలుగవది సుమారు 12 గంటలకు ముందు ఇచ్చునది; తీరము దాటిన పిమ్మట లోపలి జిల్లాలలో ఏమగునో అదియు ఇందులో చెప్పుదురు. దీనికి ఎరుపు రంగు.

రేవులందు ఎగురవేయు ప్రమాద సూచికలు 11. 5, 6, 7 అపాయమును, 8, 9, 10 మహాపాయమును తెలుపును. పదునొకండవ సూచికకు అర్థము వేరు: హెచ్చరించు కేంద్రముతో సంబంధమే తెగిపోయినది, స్థానికాధికారి తానుగా ప్రమాదమున్నదని నిశ్చయించుకొనెనని. ఈ సూచికలో ఒక నీతి ఉన్నది. పైనుండి మాట రానప్పుడు కూడ క్రిందివాడు చేయవలసిన పని ముందే నిర్ణయమైయుండవలెను. ప్రతి గ్రామమునకు తనదైన పదునొకండవ సూచిక ఉండవలెనని మా మనవి.

౪. ఎవరి బాధ్యత?

2004 డిసెంబరు 26న సునామీ వచ్చిన మరుసటి సంవత్సరము, 2005లో, విపత్తు నిర్వహణ చట్టము చేయబడెను. దాని ప్రకారము ప్రతి జిల్లాకు ఒక విపత్తు నిర్వహణ సంస్థ ఉండవలెను. కలెక్టరు దానికి అధ్యక్షుడు. స్థానిక సంస్థల నుండి ఎన్నికైన ప్రతినిధి సహాధ్యక్షుడు. జిల్లా ప్రణాళికను ఏటేట తిరిగి పరిశీలింపవలెను. అదే చట్టము 41వ సెక్షను స్థానిక సంస్థలకు నాలుగు పనులు ఒప్పగించినది: తమ ఉద్యోగులకు శిక్షణ ఇప్పించుట, సాధన సామగ్రిని ఎప్పుడు కావలసిన అప్పుడు పనికివచ్చునట్లు ఉంచుట, తమ పరిధిలోని కట్టడములు నియమిత ప్రమాణములకు లోబడియుండునట్లు చూచుట, విపత్తు తరువాత సహాయ పునర్నిర్మాణ కార్యములు జరుపుట.

కావున పంచాయతీ "మాకేమి అధికారము, అంతయు కలెక్టరుగారిదే" యనుటకు వీలులేదు. పూర్వము కరణము, మునసబు గ్రామమందలి ప్రతి గడపను ఎరిగియుండెడివారు. 1984లో ఆ పద్ధతి రద్దయ్యెను. నేడు ఆ ఎరుక పంచాయతీ సభ్యుల యొద్దను, గ్రామోద్యోగుల యొద్దను, మన వంటి సహకార సంఘముల యొద్దను కొంచెము కొంచెముగా చెదరియున్నది. దానిని ఒక్క పుస్తకమున చేర్చుటయే మొదటి పని.

ధనము మాట కూడ చెప్పవలెను. పదునైదవ ఆర్థిక సంఘము 2021–26 కాలమునకు రాష్ట్రముల విపత్తు నిధిలో నూటికి 80 పాళ్లు సహాయమునకును పునరుద్ధరణకును సంసిద్ధతకును, 20 పాళ్లు నష్ట నివారణకును కేటాయింపుమని సిఫారసు చేసెను. అంతకు పూర్వము దెబ్బ తగిలిన పిమ్మట ఇచ్చుటయే ప్రధానముగా నుండెను. దెబ్బ తగులకుండ చేయుటకు వేరుగా పాలు పెట్టుట మంచి మార్పు. మురుగు కాలువకు గట్టు వేయవలెనన్నను, రక్షణ భవనమునకు బాట వేయవలెనన్నను గ్రామసభ ముందుగా తీర్మానించి పై వారికి పంపినగాని ఆ పాలు మన యూరికి రాదు.

౫. పుస్తకము, లెక్క

పంచాయతీ ఒక పుస్తకము తెరచి అందు ఈ సంగతులు వ్రాయించవలెను: పల్లపు ఇండ్లలో నుండువారు; నడువలేని వృద్ధులు, గర్భిణులు, పసిపిల్లల తల్లులు, అంగవైకల్యము గలవారు; వేటకు పోవు పడవలు, వాటిలోని మనుష్యులు; ట్రాక్టర్లు, పడవలు, మోటారు పంపులు, రంపములు ఎవరెవరి యొద్ద నున్నవి; ఈత వచ్చినవారెవరు; మంత్రసాని, నర్సు, విద్యుత్తు పనివారి యిండ్లు ఎక్కడ; పశువులకు మెరక చోటు ఏది. ఒక ప్రతి పంచాయతీ యందు, ఒక ప్రతి రక్షణ భవనమునందు, ఒక ప్రతి సంఘమునందు ఉండవలెను. సెల్‌ఫోనులో మాత్రమే ఉంచుకొనినచో టవరు కూలిన నాడు అది ఉపయోగపడదు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను విశాఖపట్నమును తాకినప్పుడు అంతటి మహానగరమే కొన్ని దినములు విద్యుత్తు, ఫోను లేక చీకటిలో నుండెను. పల్లె సంగతి చెప్పనక్కరలేదు.

తరువాత లెక్క కట్టవలెను. ఉదాహరణకు ఒక యూరిలో నడువలేనివారు 150 మంది, ట్రాక్టర్లు మూడు, ఒక్కొక్కదానిలో 20 మంది పట్టుదురనుకొందము. ఒకసారి పోయి వచ్చుటకు 40 నిమిషములు పట్టును. మూడు ట్రాక్టర్లు ఒక విడత 60 మందిని చేర్చును, మూడు విడతలు కావలెను, రెండు గంటలు. ఎక్కించుట, దించుట, ముసలివారిని ఒప్పించుట కలుపుకొని నాలుగు గంటలు. కేంద్రము తీరము దాటుటకు ఎన్నో గంటల ముందే పెనుగాలి మొదలగును; అప్పుడు బండి నడువదు. ఆ గంటలు తీసివేయవలెను. చీకటి గంటలను కూడ తీసివేసినచో పండ్రెండు గంటల హెచ్చరికలో మిగులునది బహు స్వల్పము. కావున ఎరుపు రంగు చూచి కదలుట ఆలస్యము. నారింజ రంగు నాడే ముసలివారిని, పిల్లలను కదల్చుట క్షేమము. ఈ లెక్క ఎవరి యూరికి వారు కట్టుకొనవలెను. లెక్క కట్టని యూరు అదృష్టముపై ఆధారపడిన యూరు.

జనులు ఇల్లు విడువకుండుటకు ముఖ్య కారణములు మూడు: పశువులు, దొంగల భయము, ఇదివరకు వట్టిపోయిన హెచ్చరికలు. వీటికి కసరుకొనుట మందు కాదు. పశువులను కట్లు విప్పి మెరకకు తోలుటకు మనుష్యులను ముందే ఏర్పరుపవలెను. ఊరికి కాపలా ఉన్నదని చెప్పవలెను. హెచ్చరిక వట్టిపోయిన నాడు సంతోషింపవలెనే గాని వెక్కిరింపరాదని పిల్లలకు బడిలోనే నేర్పవలెను.

రక్షణ భవనము సంవత్సరమంతయు తాళము వేసియున్నచో అవసరమునాడు తాళపుచెవి దొరకదు. అందు బడియో, సంఘపు సమావేశములో జరుగుచుండవలెను. వాడుకలోనున్న కట్టడమునకే తలుపులు, నీరు, మరుగుదొడ్లు సరిగా నుండును.

౬. మాట చేరని చోట్లు

1996 నవంబరు 6వ తేదీన కాకినాడకు దక్షిణమున కోనసీమపై వచ్చిన తుపాను విస్తీర్ణమున చిన్నది, కాని త్వరగా బలిసినది. వెయ్యిమందికి పైగా మరణించిరి. వారిలో అనేకులు అప్పటికే సముద్రముపై నున్న మత్స్యకారులు. భైరవపాలెము వంటి గ్రామములలో ఒక్కొక్క వీథి మగదిక్కు లేనిదయ్యెను. ఒడ్డుననున్నవారికి చేసిన ఏర్పాటు నీటిమీద నున్నవారికి చేరలేదు. పడవ బయలుదేరు చోటనే పేర్లు వ్రాసికొనుట, తిరిగి రావలసిన దినము తెలిసికొనుట ఎంత చిన్న పనియో, ఎంత అవసరమో ఆ దుర్ఘటన చెప్పుచున్నది.

2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను శ్రీకాకుళము జిల్లా పలాస ప్రాంతమున తీరము దాటెను. ఉద్దానమున కొబ్బరి, జీడిమామిడి తోటలు నేలకూలెను. కాని ప్రాణనష్టము ఎక్కువగా జరిగినది తీరమున కాదు. ఎగువన ఒడిశాలోని గజపతి జిల్లాలో వరదల వలనను, కొండచరియలు విరిగిపడుట వలనను. తీరము దాటగనే తుపాను ముగిసెనని తలచుట తప్పు. వాన లోపలికి పోవును. వాగు మరునాడు పొంగును.

౭. పిదప మొదటి వారము

మొదట మంచినీరు. ఉప్పునీరు, మురికినీరు చేరిన బావిని తోడించి, బ్లీచింగు పొడి కలుపవలెను. కొలత సులభము: బావి అడ్డుకొలతను మీటర్లలో అదే సంఖ్యతో హెచ్చవేసి, నీటిలోతుతో హెచ్చవేసి, 3.14తో హెచ్చవేసి, నాలుగింట భాగించినచో ఘనమీటర్లు వచ్చును. రెండు మీటర్ల అడ్డుకొలత, మూడు మీటర్ల నీరు గల బావిలో 9.42 ఘనమీటర్లు, అనగా 9,420 లీటర్లు. వెయ్యి లీటర్లకు సుమారు 2.5 గ్రాముల మంచి పొడి చొప్పున సుమారు 24 గ్రాములు. మురికి హెచ్చుగా నున్నచో ఆరోగ్య సిబ్బంది చెప్పిన మేరకు పెంచవలెను. కలిపిన గంట వరకు ఆ నీరు త్రాగరాదు.

రెండవది పొలము. నీరు నిలిచిన చేలకు వెంటనే గండ్లు తీసి మురుగు కాలువలోనికి పంపవలెను. గుఱ్ఱపుడెక్క, తూటికాడ నిండిన మురుగు కాలువ ఆ నాడు మనలను ముంచును. వేసవిలోనే దానిని బాగుచేయించుట పంచాయతీయు నీటి సంఘమును కలిసి చేయవలసిన పని. పడిపోయిన వరిని లేపి దుబ్బులు కలిపి కట్టవలెను. గింజ మొలకెత్తకుండ నూటికి అయిదు పాళ్ల ఉప్పు ద్రావణమును, అనగా లీటరు నీటికి 50 గ్రాముల ఉప్పు చొప్పున, కంకులు తడియునట్లు చల్లవలెను. ఎకరమునకు 200 లీటర్లకు 10 కిలోల ఉప్పు. ఉప్పెన నీరు ఎక్కిన చేలను ఎండి పెచ్చుగట్టనీయక, ఆ నీటిని దించి, మంచినీరు పెట్టి, తీసి, మరల పెట్టి ఉప్పును కడిగివేయవలెను. మన్ను పరీక్ష చేయించకుండ జిప్సము వేయుట వృథా వ్యయము.

మూడవది నష్టపు నమోదు. 2016లో ప్రారంభమైన ప్రధానమంత్రి ఫసల్ బీమా పథకమున స్థానికముగా కలిగిన నష్టమును 72 గంటలలోపల తెలియపరుపవలెనను నియమమున్నది. కోసి పనలమీద నుంచిన పైరునకు కోత తరువాత 14 దినముల వరకు రక్షణ కలదు. ఆ పథకము మన జిల్లాలో ఏ పైరునకు వర్తించునో పంట వేయునాడే తెలిసికొనవలెను. ప్రభుత్వ సహాయమునకు 2015 వరకు నూటికి 50 పాళ్ల నష్టము కనబడవలసియుండెను. ఆ సంవత్సరము దానిని 33 పాళ్లకు తగ్గించిరి. నష్టము వ్రాయువారు వచ్చు వేళకు పొలము దున్నివేసినచో ఋజువు పోవును. దున్నక నిలిపినచో రెండవ పంట పోవును. అందుచేత గట్టున నిలిచి, పొలము గుర్తులు కనబడునట్లు ఛాయాచిత్రము తీసి, ఇద్దరు సాక్షుల సంతకములు వ్రాయించి, పిమ్మట దున్నుట మేలు.

ఇచ్చట మేము మిక్కిలి ఆవేదనతో చెప్పవలసిన విషయము కౌలుదారుది. చేను ముంచిన నీరు కౌలుదారుని పెట్టుబడిని ముంచును. సహాయమో, కాగితముపై పేరున్నవానికి చేరును. ఆంధ్రప్రదేశమున 2019లో చేసిన సాగుదారు హక్కుల చట్టము పదునొకండు నెలలకు సాగు పత్రమిచ్చు ఏర్పాటు చేసెను. భూస్వామి సంతకము చేయుటకు జంకుటచే అనేకులకు అది అందలేదు. సంతకము చేసినంత మాత్రమున భూమి పోదని నచ్చజెప్పగలవారు ఊరిలోని పెద్దలే. మన సభ్యులలో భూస్వాములును కౌలుదారులును ఉన్నారు. ఒకే గోదాములో ధాన్యము పోయువారు ఒకే కష్టమున వేరుపడరాదు.

౮. సంఘము చేయవలసినది

సహకార సంఘము అప్పు ఇచ్చి వసూలు చేయుటకే పుట్టలేదు. గోదాము నేలకు ఎత్తుగా నున్నదా, విత్తనపు బస్తాలు దిమ్మెలపై నున్నవా, ఖాతా పుస్తకముల నకళ్లు వేరొక మెరక చోట నున్నవా యని ప్రతి ఆషాఢమునను పాలకవర్గము చూడవలెను. పంట పోయిన యేట స్వల్పకాలపు అప్పును మధ్యకాలపు అప్పుగా మార్చు వాడుక కలదు. దానికి ప్రభుత్వము పంట నష్టమును ప్రకటింపవలెను. సంఘము తీర్మానించి జిల్లా బ్యాంకునకు పంపవలెను. తీర్మానము ఆలస్యమైనచో సభ్యుడు ఎగవేతదారుగా నమోదై క్రొత్త అప్పునకు అర్హుడు కాక వడ్డీ వ్యాపారి గడప త్రొక్కును. తుపాను తీసికొనిపోయినది ఒక పంట. ఆ గడప తీసికొనిపోవునది భూమి.

తుదిగా ఒక మాట. కోలుకొనుట యనగా పూర్వమున్నట్లే మరల కట్టుట కాదు. కూలిన గుడిసెను అదే పల్లమున అదే తాటాకుతో కట్టినచో మరల వచ్చు తుపానుకు మనము పిలుపు పంపినట్లే. బాట ఒక జానెడు ఎత్తుగా, తూము ఒక మూరెడు వెడల్పుగా, ఇల్లు ఒక మెట్టు మెరకగా కట్టుటయే నిజమైన కోలుకొనుట. దివిసీమలో పోయిన వారిని మనము తేలేము. వారి మరణము వలన నేర్చిన పాఠమును మరువకుండుట మాత్రము మన వశము.

సంఘ సమావేశమున చర్చింపవలసిన ప్రశ్నలు

౧. మన గ్రామమున నడువలేనివారు ఎందరు? వారిని చేర్చుటకు ఎన్ని గంటలు పట్టును?

౨. రక్షణ భవనపు తాళపుచెవి నేడు ఎవరి యొద్ద నున్నది? వారు ఊరలేనిచో మరెవరి యొద్ద?

౩. మురుగు కాలువను కడపట ఎప్పుడు బాగుచేసిరి?

౪. మన కౌలుదారులలో సాగు పత్రము గలవారు ఎందరు, లేనివారు ఎందరు?

౫. ఫోను, విద్యుత్తు, బాట మూడును తెగిన నాడు మన గ్రామమున ఎవరు ఏమి చేయవలెనో వ్రాసియున్నదా?

ఈ అయిదింటికి సమాధానములు వ్రాసి పంచాయతీ పుస్తకమున చేర్చినచో ఈ పాఠము చదివిన ఫలము దక్కినట్లే.